ఒంటరిగా, తక్కువ ఖర్చుతో, బస్సుల్లోనే అడవులకు: శ్రీలంక, సరవాక్, కోస్టారికాల్లో ఏది మేలు?

ఉష్ణమండల అడవులు చూడాలని ఒంటరిగా బయలుదేరేవాళ్ళు ముందు బస్సు చార్జీలు లెక్క వేసుకుంటారు. కానీ ఖర్చు తేలేది బస్సు టికెట్టు దగ్గర కాదు, బస్సు దిగాక. అక్కడి నుంచి అడవి గేటు దాకా ఎలా వెళ్ళాలి, ఆ గేటు దగ్గర ఒక్క మనిషిని కాలినడకన లోపలికి పంపుతారా లేదా అన్నదే అసలు సంగతి. జీపు తప్పనిసరి అయిన చోట నలుగురు పంచుకోవాల్సిన అద్దె ఒక్కరి మీదే పడుతుంది. నడిచి వెళ్ళనిచ్చే చోట బస్సు చార్జీ, ప్రవేశ రుసుము చెల్లిస్తే రోజంతా అడవి మనదే. ఈ కొలతతోనే మూడు చోట్లను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను: శ్రీలంక, బోర్నియో దీవిలో మలేసియాకు చెందిన సరవాక్ రాష్ట్రం, మధ్య అమెరికాలోని కోస్టారికా. విమానం ఖర్చు ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరుతారన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు.

ప్రయాణమే ఒక ఆనందం కావాలనుకునేవారికి శ్రీలంకే. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి క్యాండీ కొండల మీదుగా బదుల్లా వెళ్ళే రైలుమార్గం తేయాకు తోటల మధ్య మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. దారిలోని పట్టిపొల ఆ దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్, 1,898 మీటర్లు. రిజర్వేషన్ సీట్లు చాలా ముందే అయిపోతాయి. ఒంటరి ప్రయాణికుడు దానికి దిగులు పడనక్కర్లేదు. రెండో తరగతి, మూడో తరగతి సాధారణ టికెట్లు ఆ రోజే కౌంటర్లో ఇస్తారు, కుటుంబానికి దొరకని చోటు ఒక్కరికి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అయితే 2025 నవంబరు చివర దిత్వా తుఫానుకు కొండ ప్రాంతపు మార్గం బాగా దెబ్బతింది. బయలుదేరే ముందు ఏ స్టేషన్ల మధ్య రైళ్ళు నడుస్తున్నాయో కనుక్కోండి.

రైలు వెళ్ళని చోటుకు ఎర్ర రంగు ప్రభుత్వ బస్సులు, వాటితో పోటీపడే ప్రైవేటు బస్సులు వెళ్తాయి. బోర్డు చదవడం రాకపోయినా స్టాండులో ఊరి పేరు చెబితే సరైన బస్సు ఎక్కిస్తారు. ముందు వరుసలో భిక్షువులకు కేటాయించిన సీట్లను వాళ్ళకే వదలాలి. కిక్కిరిసిన బస్సుల్లో ఆడవాళ్ళకు వేధింపులు ఎదురవుతున్న మాట నిజం. ఒంటరిగా వెళ్ళే మహిళలు రద్దీ లేని వేళ చూసుకుని, మరో మహిళ పక్కన కూర్చోవడం మంచిది.

ఇక్కడ చిక్కంతా పార్కు గేటు దగ్గర. యాల, మిన్నేరియ, ఉడవలవ వంటి వన్యప్రాణి పార్కుల్లో నడక నిషిద్ధం, జీపు ఎక్కాల్సిందే. జీపు అద్దె మనిషికి ఇంత అని కాదు, బండికి ఇంత అని. టికెట్టులో కలిపే సేవా రుసుము కూడా బృందానికి లెక్కకడతారు. ఒక్కరే వెళ్తే రెండూ మీరే భరించాలి. బస దగ్గర ముందు రోజు సాయంత్రమే తోడు వెతుక్కోవడం ఒక్కటే దారి. సింహరాజ వర్షారణ్యంలో నడవనిస్తారు గానీ గైడు వెంట ఉండాలి. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ అడవికి దెనియాయ వరకు బస్సులో, ఆపైన ఆటోలో వెళ్ళాలి.

డబ్బు తక్కువున్నవారికి శ్రీలంక ఇచ్చే గొప్ప వరం శ్రీపాద. హట్టన్ స్టేషన్‌లో రైలు దిగి, బస్సులో నల్లతన్నియ చేరితే కొండ మొదలు. ఎత్తు 2,243 మీటర్లు, 5,000కు పైగా మెట్లు. శిఖరం మీది పాదముద్రను బౌద్ధులు బుద్ధుడిదని, హిందువులు శివుడిదని, ముస్లింలు ఆదాముదని కొలుస్తారు. డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వెసాక్ పౌర్ణమి (బుద్ధ పౌర్ణమి) దాకా యాత్రా కాలం. అర్ధరాత్రి దాటాక బయలుదేరి సూర్యోదయానికి పైకి చేరతారు. దారి పొడవునా దీపాలు, టీ దుకాణాలు, మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకునే ముసలివాళ్ళు, వాళ్ళ చేయి పట్టుకుని నడిపించే మనవలు. గైడు అక్కర్లేదు, జీపు అక్కర్లేదు. ఒంటరిగా వచ్చినవారికి ఇంతటి తోడు మరే కొండ మీదా దొరకదని నా నమ్మకం.

అడవిలో స్వయంగా నడవాలన్నది మీ కోరిక అయితే మాత్రం సరవాక్ ముందు నిలుస్తుంది. రాజధాని కూచింగ్‌లో మకాం పెట్టి, సిటీ బస్సులో బాకో గ్రామం రేవుకు వెళ్ళాలి. అక్కడి నుంచి పడవ. 1957లో ఏర్పడిన బాకో ఆ రాష్ట్రంలోనే మొట్టమొదటి జాతీయ పార్కు, దానికి రోడ్డు దారి లేదు. సముద్రపు ఆటుపోట్లను బట్టే పడవలు నడుస్తాయి. నీరు తగ్గిన వేళ పడవ ఒడ్డు దాకా రాలేదు. చెప్పులు చేతబట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, నీళ్ళలో దిగి నడిచి వెళ్ళాలి. అందుకే తిరుగు పడవ ఎప్పుడన్నది వెళ్ళేటప్పుడే పడవవాడితో ఖాయం చేసుకోవాలి.

పార్కు కార్యాలయంలో ఏ దారిన వెళ్తున్నారో పుస్తకంలో రాసి బయలుదేరవచ్చు. గైడు ఉండాలన్న నిబంధన లేదు. ఒక్కో దారికి ఒక్కో రంగు, ఆ రంగు గుర్తులు చెట్ల మీద వేసి ఉంటాయి. లింటాంగ్ అనే దారి దాదాపు ఆరు కిలోమీటర్లు చుట్టి మళ్ళీ కార్యాలయానికే చేరుస్తుంది. నీడనిచ్చే పెద్ద చెట్ల కింద మొదలై, పైకెక్కేసరికి ఇసుకరాతి పీఠభూమి వస్తుంది. సారం లేని ఆ నేలలో పురుగులను పట్టి తినే కూజా మొక్కలు పెరుగుతాయి. నేలలో దొరకని పోషకాలను అవి పురుగుల నుంచి తీసుకుంటాయి. బోర్నియోలో తప్ప మరెక్కడా అడవుల్లో కనిపించని ప్రోబోసిస్ కోతులు, ఆ వేలాడే పెద్ద ముక్కులతో, సాయంత్రం పూట కార్యాలయం దగ్గరి చెట్ల మీదికే వస్తాయి. పొడవు తోక మకాక్ కోతులతో మాత్రం జాగ్రత్త, చేతిలో తిండి కనబడితే లాక్కుపోతాయి. రాత్రికి పార్కులోనే మంచం లెక్కన బస దొరుకుతుంది. గది మొత్తం తీసుకోనక్కర్లేకపోవడం ఒంటరివారికి ఎంతో ఊరట.

కూచింగ్ నుంచి బస్సులోనే సెమెంగో వన్యప్రాణి కేంద్రానికి వెళ్ళి, అక్కడి అడవిలో తిరుగుతూ మేత పెట్టే వేళకు వచ్చే ఒరంగుటాన్లను కూడా చూడవచ్చు. అడవిలో పళ్ళు పండే రోజుల్లో అవి రాకపోవచ్చు. సొంతంగా తిండి వెతుక్కోవడం వాటికి మంచిదే కాబట్టి నిరాశ పడకండి. అయితే కూచింగ్ దాటాక సరవాక్ బస్సు ప్రయాణికుడికి కష్టమవుతుంది. దూరాలు పెద్దవి, గుహలకు పేరొందిన మూలు పార్కుకైతే దాదాపు అందరూ విమానంలోనే వెళ్తారు.

కోస్టారికాలో జీవవైవిధ్యం మిగతా రెండింటికీ తీసిపోదు, బస్సులు దాదాపు ప్రతి ఊరికీ ఉన్నాయి. కానీ రాజధాని సాన్ హోసేలో అన్ని బస్సులూ ఒక్కచోట ఆగవు. వెళ్ళే దిక్కును బట్టి బస్టాండు మారుతుంది, దీనికోసమే సగం రోజు పోతుంది. మరో చిక్కు అడ్డదారులు లేకపోవడం. అరెనాల్ అగ్నిపర్వతం దగ్గరి లా ఫోర్తునా నుంచి మోంటెవెర్డే మేఘాల అడవికి మ్యాపులో దూరం కొంచెమే. మధ్యలో సరస్సు ఉంది. బస్సులో అయితే తిలరాన్ మీదుగా చుట్టి వెళ్ళాలి. పార్కు రుసుములూ ఎక్కువే. మాన్యుయెల్ ఆంటోనియో పార్కుకు విదేశీయులు దాదాపు 18 డాలర్లు ముందుగా ఆన్‌లైన్లో కట్టాలి, మంగళవారం సెలవు. కోర్కొవాడో జాతీయ పార్కులో గైడు లేనిదే అడుగు పెట్టనివ్వరు.

వీటన్నిటి మధ్య కరీబియన్ తీరంలోని కాహుయిటా నాకు ఇష్టమైన చోటు. బస్సు దిగి ఊళ్ళోంచి నడిస్తే పార్కు గేటు వచ్చేస్తుంది. ఊరివైపు ప్రవేశంలో తోచినంత విరాళం ఇవ్వడం అక్కడి పద్ధతి. ఒకవైపు సముద్రం, మరోవైపు స్లాత్‌లు (చాలా నెమ్మదిగా కదిలే జంతువులు) వేలాడే చెట్లు, మధ్యలో చదునైన కాలిబాట.

రోజు ఖర్చే ముఖ్యమైతే శ్రీలంకకు వెళ్ళండి. నాలుగైదు రోజులే ఉన్నా, అడవిలో ఒంటరిగా నడవడం ఇదే మొదటిసారి అయినా కూచింగ్, బాకో మేలు. అక్కడ ఇంగ్లీషుతో పని జరుగుతుంది. కోస్టారికా బస్సుల్లో నాలుగు ముక్కలు స్పానిష్ రావాలి. కనీసం రెండు వారాలు లేనిదే ఆ దేశాన్ని నేను సిఫారసు చేయను.

నెలలు కూడా చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సరవాక్‌లో కుండపోత వానలు, సముద్రం అలజడిగా ఉంటే బాకో పడవలు ఆగిపోతాయి. డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా శ్రీపాద, శ్రీలంక దక్షిణ తీరం, కోస్టారికా పసిఫిక్ వైపు బాగుంటాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు సరవాక్. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే సెలవు దొరికితే కాహుయిటాకు వెళ్ళండి. కోస్టారికాలో మిగతా చోట్ల వానలు ముదిరే ఆ రోజుల్లో కరీబియన్ తీరం తెరిపిగా ఉంటుంది.