బిడ్డతో పాటు బాలింత మనసునూ పరీక్షించే సేవ: గుంటూరులో మా అనుభవం

మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, గుంటూరులోని ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో పురుడు పోసుకుంది. బిడ్డకు ఏడాది నిండే వరకు ఆ ఆసుపత్రివారు అందించే తల్లీబిడ్డల సంరక్షణ సేవ గురించి, అమ్మాయి అనుమతితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

టీకాలు, బరువు, తల చుట్టుకొలత ఏ పిల్లల ఆసుపత్రిలోనైనా చూస్తారు. ఇక్కడ నన్ను ఆకట్టుకున్నది, ఆరో వారం టీకాలకు వెళ్లినప్పుడు తల్లి చేతికి ఇచ్చిన ప్రశ్నపత్రం. ప్రసవానంతర కుంగుబాటును ముందుగా పసిగట్టడానికి 1987లో స్కాట్లాండ్‌లో రూపొందించిన ఈ 10 ప్రశ్నల పత్రం, గడిచిన 7 రోజుల్లో మనసారా నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, నిద్ర పట్టనంత దిగులు కలిగిందా అని అడుగుతుంది. తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు గురించి అడిగే చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే, మిగతా జవాబులు కుంగుబాటును సూచించకపోయినా వైద్యులు వెంటనే మాట్లాడాలి. ఇది వ్యాధి నిర్ధారణ కాదని, తదుపరి పరీక్ష అవసరమో కాదో తేల్చడానికేనని నర్సు ముందే స్పష్టంగా చెప్పింది.

అప్పటికి మా అమ్మాయి బిడ్డ నిద్రపోయినా తాను నిద్రపోయేది కాదు, పాలిస్తూ గోడకేసి చూస్తూ ఉండేది. బంధువులు దాన్ని పచ్చి బాలింత నీరసమన్నారు. మన దేశంలో బాలింతల్లో సుమారు 22 శాతం మంది కుంగుబాటుకు లోనవుతున్నారని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది.

కౌన్సెలర్ మాతో మాట్లాడిన తీరు ఈ సేవకు ప్రాణం. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చేసిన ప్రయోగాన్ని ఆమె వివరించారు. అంతవరకు ఆడించిన తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే, నెలల బిడ్డ మొదట నవ్వుతూ, చేతులు చాస్తూ ఆమెను పిలవాలని చూస్తుంది, ఫలించకపోతే ముఖం తిప్పేసుకుంటుంది. తన పిలుపుకు బదులు వస్తుందన్న నమ్మకంపైనే బిడ్డ తన ఉద్వేగాలను సంబాళించుకోవడం నేర్చుకుంటుందట. ఇది విని మా అమ్మాయి కంటతడి పెట్టగానే, ఆరోగ్యంగా ఉన్న తల్లులూ ప్రతి క్షణం బిడ్డ మనసు అందుకోలేరని, తప్పిన తాళం మళ్లీ కలుపుకోవడమే బంధాన్ని పెంచుతుందని ఆమె ఓదార్చారు. తల్లిని దోషిగా నిలబెట్టకుండా ఈ విషయం చెప్పగలగడం గొప్ప నేర్పు.

ఆమె ఇచ్చిన సలహా మా ఇంటి పద్ధతినే మార్చింది. మన ఇళ్లలో సాయమంటే బిడ్డను తల్లి చేతుల్లోంచి తీసుకోవడమే. నూనె రాసి నీళ్లు పోసేది ఒకరు, జోకొట్టేది మరొకరు, తల్లికి మిగిలేది పాలివ్వడం, రాత్రి మేలుకోవడం. దీన్ని తిరగేయమన్నారు: నూనె మర్దన తల్లి చేయాలి, రాత్రి ఒక విడత మేలుకోవడం మేము చూసుకోవాలి, ఆ వేళ తల్లి ఆపకుండా నిద్రపోవాలి. పాలిస్తూ కూడా వాడదగిన మందులున్నాయని మానసిక వైద్యురాలు చెప్పి, అవసరమైన మోతాదు రాశారు. నిద్ర కుదిరాక మా అమ్మాయి బిడ్డతో ఊసులాడడం మొదలుపెట్టింది.

లోపాలూ చెప్పాలి. ఆ ప్రశ్నపత్రాన్ని కిక్కిరిసిన టీకాల హాలులో, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా నింపమనడం సరికాదు, అలాంటి చోట ఏ కోడలూ నిజం రాయదు. ప్రశ్నల్లోని తెలుగు మరీ గ్రాంథికంగా ఉంది. కుంగుబాటు మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలుకావచ్చు గనుక, ఆరో వారంలో ఒక్కసారి అడిగి ఊరుకోకూడదు. తండ్రిని ఏ దశలోనూ పిలవలేదు. కౌన్సెలింగ్‌కు విడిగా రుసుము తీసుకుంటారు, అది అందరికీ అందుబాటులో ఉండదు. స్తోమత లేనివారు ఫోన్‌లోనే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రోజులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇన్ని లోపాలున్నా, కాన్పుకు ఆసుపత్రిని ఎంచుకునేవారికి ఇలాంటి సేవ ఉన్నచోటుకే వెళ్లమని గట్టిగా చెబుతాను. ప్రశ్నపత్రం నింపేటప్పుడు మాత్రం విడి గది అడిగి తీసుకోండి.