‘రెడీ’ షార్ట్ బ్లాక్ కొంటున్నారా? విప్పితే వారంటీ పోతుందనేవాళ్లతో జాగ్రత్త

ఇంట్లోనే పర్ఫార్మెన్స్ ఇంజన్ కట్టుకుంటూ, సగం పని తగ్గుతుందని బిగించిన షార్ట్ బ్లాక్ (పైన కూర్చునే హెడ్ లేకుండా, లోపల క్రాంక్, రాడ్లు, పిస్టన్లు బిగించిన ఇంజన్ కింది భాగం) కొనాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

నేను తెప్పించుకున్నది మిత్సుబిషి 4జీ63. ఇనుప బ్లాకు, కంపెనీ బోర్ (సిలిండర్ వ్యాసం) 85 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 88. లాన్సర్ ఎవల్యూషన్ తొమ్మిదో మోడల్ వరకూ వచ్చిన ఇంజనే. బోర్‌ని 85.5కి పెంచి, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, హెచ్-బీమ్ రాడ్లు వేశామని, అన్నీ కొలిచి బిగించామని, హెడ్ ఎక్కించి స్టార్ట్ చేయడమే తరువాయి అని అమ్మినవాళ్లు చెప్పారు. వచ్చింది మాత్రం బూస్ట్ (టర్బో బలవంతంగా నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కిస్తే నిలబడే ఇంజన్ కాదు. విప్పి కొలిచాను కాబట్టి ఆ సంగతి తెలిసింది. విప్పానన్న కారణంతోనే వారంటీ లేదన్నారు. విప్పకుండా స్టార్ట్ చేసి ఉంటే, పోయాక ‘మీ ట్యూనింగ్ లోపం’ అనేవాళ్లు. ఆ మాట వాళ్ల వారంటీ కాగితంలోనే రాసి ఉంది: డిటొనేషన్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) వల్ల వచ్చే నష్టానికి బాధ్యత లేదు, అది డిటొనేషనా కాదా అని తేల్చేది కూడా తామే. అంటే ఎటు తిరిగినా నష్టం కొన్నవాడిదే.

ముందుగా వాళ్లు బ్లాకుతో పాటు పంపిన కొలతల కాగితం గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే నమ్ముతున్నారు. నాలుగు సిలిండర్లకూ పిస్టన్-వాల్ క్లియరెన్స్ (పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ) 0.09 మి.మీ. అని ఉంది. క్రాంక్‌ని మోసే ఐదు మెయిన్ బేరింగులకూ 0.05. ఒక్క అంకె కూడా అటూ ఇటూ లేదు. నిజంగా బోర్ గేజ్, మైక్రోమీటర్ పట్టుకుని కొలిచినవాళ్ల కాగితం ఇలా ఉండదు. ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద కొలవాలి. ప్రతిచోటా రెండు దిక్కుల్లో, క్రాంక్ పొడవునా ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. అంటే సిలిండర్‌కి ఆరు, నాలుగింటికీ కలిపి 24 అంకెలు. ఎంత మంచి మిషన్ షాపు చేసినా వాటిలో చివరి అంకె అక్కడక్కడా మారుతుంది. నాలుగు సిలిండర్లకూ ఒకే అంకె రాసి పంపారంటే, అది కొలిచి రాసింది కాదు, అనుకుని రాసింది. ఆ కాగితాన్ని పక్కన పెట్టండి.

నేను కొలిస్తే మొదటి రెండు సిలిండర్లు 0.075 దగ్గర ఉన్నాయి. మూడోది 0.055. నాలుగోది పైకీ కిందికీ వ్యాసంలో 0.03 తేడా (టేపర్). పిస్టన్లు 2618 అల్యూమినియం మిశ్రమం. ఇందులో సిలికాన్ చాలా తక్కువ, అందుకే దెబ్బ తట్టుకుంటుంది గానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. దాదాపు 12 శాతం సిలికాన్ ఉన్న 4032 పిస్టన్లు అయితే తక్కువ క్లియరెన్స్‌తో నడుస్తాయి. 2618కి ఆ సౌకర్యం లేదు. నా పిస్టన్ల పెట్టెలో వచ్చిన కాగితంలో టర్బోకి 0.09 అని స్పష్టంగా ఉంది. 0.055తో లోడ్ మీద నడిపితే పిస్టన్ ఉబ్బి, స్కర్ట్ (పిస్టన్ కింది అంచు భాగం) గోడకి రాసుకుని, చివరికి పట్టేస్తుంది.

ఇది చెప్పగానే వాళ్ల మొదటి సమాధానం: ‘మీ గదిలో ఉష్ణోగ్రత వేరు, అందుకే తేడా వచ్చింది.’ వినడానికి సాంకేతికంగానే ఉంటుంది, కాబట్టి లెక్క కట్టి చూపిస్తాను. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు సుమారు 22 మైక్రాన్లు పెరుగుతుంది, పోత ఇనుము సుమారు 11. బోర్ 85.5 మి.మీ. అనుకుంటే పది డిగ్రీల తేడాకి క్లియరెన్స్‌లో వచ్చే మార్పు 0.0094 మి.మీ. అంటే మిల్లీమీటరులో వందో వంతు లోపే. నాకు మూడో సిలిండర్‌లో వచ్చిన తేడా 0.035. ఉష్ణోగ్రతతో అంత తేడా రావాలంటే వాళ్లూ నేనూ కొలిచిన గదుల మధ్య ముప్ఫై డిగ్రీలకు పైగా తేడా ఉండాలి. పిస్టన్‌ని కూడా తయారీదారు చెప్పిన చోటే, స్కర్ట్ మీద ఆ ఎత్తులోనే కొలిచి ఫోటోలు పంపాను. ఆ లెక్కకి ఇప్పటిదాకా జవాబు లేదు.

రింగ్ గ్యాప్ (పిస్టన్ రింగ్ రెండు కొసల మధ్య ఖాళీ) సంగతి త్వరగా చెప్పేస్తాను. మధ్యస్థ బూస్ట్‌కి టాప్ రింగ్ గ్యాప్, బోర్‌లో ప్రతి మిల్లీమీటరుకి 0.005 నుంచి 0.006 మి.మీ. వరకూ ఉంచడం మామూలు. 85.5కి 0.43 నుంచి 0.51 వస్తుంది. నా రింగులు 0.30 దగ్గర ఉన్నాయి. ప్యాకెట్‌లోంచి తీసి అలాగే వేసేశారన్నమాట, ఫైల్ చేసిన గుర్తే లేదు. వేడికి రింగ్ కొసలు రెండూ ఒకదానికొకటి తగిలితే రింగ్‌కి పెరగడానికి చోటుండదు. గోడని గీరేస్తుంది, లేదా పిస్టన్ రింగ్ ల్యాండ్‌ని (రింగుల మధ్య ఉండే పిస్టన్ గట్టుని) విరగ్గొడుతుంది. విరిగిన ల్యాండ్ చూసి ‘డిటొనేషన్’ అని చెప్పడం వాళ్లకి ఎంత తేలికో ఆలోచించండి.

నాకు అన్నింటికంటే కోపం తెప్పించింది మురికి. సంప్ (కింది ఆయిల్ తొట్టి) విప్పి, బ్లాకు పక్కన ఉండే మెయిన్ ఆయిల్ గ్యాలరీ (ఆయిల్ పారే దారి) ప్లగ్ తీశాను. అది అసలు ఎప్పుడూ తీసినట్టే లేదు, అంచున పాత పెయింట్ పగలకుండా ఉంది. లోపలికి సన్నటి బ్రష్ పెట్టి లాగితే బూడిద రంగు ముద్ద వచ్చింది. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. అది హోనింగ్ (బోర్‌ని రాళ్లతో సన్నగా రుద్ది కొలతకి తేవడం) రాళ్ల పొడి. బోర్‌లో తెల్లటి బట్టకి కాస్త ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అద్ది తుడిస్తే బట్ట నల్లబడింది. ఈ పొడి పెట్రోలుతోనో థిన్నర్‌తోనో కడిగితే పోదు, హోనింగ్ వదిలే అడ్డదిడ్డపు (క్రాస్‌హ్యాచ్) గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. బ్లాకుని ఖాళీ చేసి, గ్యాలరీ ప్లగ్‌లన్నీ తీసి, వేడినీళ్లు, డిటర్జెంట్, బ్రష్‌తో తోమాలి. తెల్లబట్ట తెల్లగా వచ్చేదాకా తోమి, ఆరిన వెంటనే నూనె రాయాలి, లేదంటే ఇనుము నిమిషాల్లో తుప్పు పడుతుంది. ఇందులో ఖరీదైన మిషన్ ఏదీ అక్కర్లేదు, ఓపిక కావాలి అంతే. ఆ ఓపిక లేనివాళ్లు బేరింగ్‌లు బిగించారు. ఇంజన్ ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు, చేత్తో తిప్పినందుకే బేరింగ్ షెల్స్ (బేరింగ్ రెండు సగాలు) మీద చుట్టూ సన్నని గీతలు పడ్డాయి. ఆయిల్ ప్రెషర్‌తో ఆ పొడి గ్యాలరీలోంచి నేరుగా క్రాంక్‌లోకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

తర్వాత రాడ్ బోల్టులు. ఆర్డర్‌లో పేరున్న కంపెనీ బోల్టులని రాసి ఉంది. వచ్చిన ఎనిమిదింట్లో రెండింటి తల మీద అక్షరాలు లోతు తక్కువగా, అంచులు అలుక్కుపోయినట్టు ఉన్నాయి. పక్కపక్కన నిలబెడితే పొడవు కూడా కలవలేదు. అడిగితే ‘గ్రేడ్ అదే, పేరు ఏదైతే ఏముంది’ అన్నారు. చాలా ఉంది. 88 మి.మీ. స్ట్రోక్‌తో 8000 ఆర్‌పీఎమ్ దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 23 మీటర్లు దాటుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పైకి వచ్చి ఆగి మళ్లీ కిందికి దిగే క్షణంలో ఆ పిస్టన్‌ని, రాడ్‌ని వెనక్కి లాగే బరువంతా ఆ రాడ్‌కి ఉండే రెండు బోల్టుల మీదే పడుతుంది. ఆ బరువు ఆర్‌పీఎమ్ వర్గంతో పెరుగుతుంది. 6500 నుంచి 8000కి వెళ్తే సగానికి సగం ఎక్కువ. అందుకే మంచి బిల్డర్ రాడ్ బోల్టుని టార్క్ రెంచ్ మాట మీద వదిలేయడు. ముందు పొడవు, బిగించాక పొడవు కొలిచి, ఎంత సాగిందో రాసుకుంటాడు. చాలా బోల్టులకి అది 0.13 నుంచి 0.15 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బోల్టుతో వచ్చిన కాగితంలో ఉన్న అంకే ప్రమాణం. బోల్టులు మార్చితే రాడ్ బిగ్ ఎండ్ (క్రాంక్‌కి తగులుకునే కొస) గుండ్రదనం కూడా మళ్లీ చూడాలి. వాళ్లు పంపిన కాగితంలో బోల్ట్ సాగుదల కాలమ్ అసలు లేదు.

నకిలీలనేవి బోల్టులతో ఆగవు. తమ పేరుతో నకిలీ టర్బోలు తిరుగుతున్నాయని గారెట్, నకిలీ స్పార్క్ ప్లగ్‌లు అమ్ముతున్నారని ఎన్‌జీకే కొనేవాళ్లని బహిరంగంగా హెచ్చరించాయి. వాల్‌బ్రో ఫ్యూయల్ పంపులకూ అదే గతి. ‘ఫుల్ కిట్’ పేరుతో అన్నీ ఒకే చోట అమ్ముతున్నప్పుడు ఏది అసలో ఏది కాదో పెట్టె చూసి తేల్చడం కష్టం. తయారీదారు అధికారిక డీలర్ల జాబితాలో ఆ అమ్మకందారు పేరు ఉందో లేదో చూడండి.

వీళ్ల తీరు గురించి కూడా రాయాలి. ఫిర్యాదు పెట్టిన రోజు మర్యాదగానే మాట్లాడారు. ‘టెక్నికల్ టీమ్ చూస్తోంది’ అన్నారు. తర్వాత ‘స్టార్ట్ చేయండి, రింగ్స్ సెటిల్ అవుతాయి’ అన్నారు. బోర్ కొలత తప్పితే రింగ్స్ సెటిల్ అవడం ఏమిటి? ఆ తర్వాత మిషన్ షాపు మారిందన్నారు, ఆ షాపు పేరు మాత్రం చెప్పరు. టార్క్ ప్లేట్ పెట్టి హోనింగ్ చేశామన్నారు కదా, ఆ ప్లేట్ ఫోటో ఒక్కటి పంపమంటే అదీ లేదు. (హెడ్ బోల్టులు బిగించగానే బోర్ ఆకారం కొద్దిగా మారుతుంది, అందుకే హెడ్ బదులు మందపాటి ప్లేట్ బిగించి హోన్ చేస్తారు. నిజంగా చేసేవాళ్ల దగ్గర ఆ ప్లేట్ బెంచీ మీదే ఉంటుంది.) ఇలా నానబెట్టి, రిటర్న్ గడువు దాటాక ఒకే ఒక్క మెయిల్: బోల్టుల మీద పెయింట్ గుర్తు చెదిరింది, వారంటీ చెల్లదు. చెల్లింపు సంస్థ దగ్గర ‘చెప్పిన వస్తువు పంపలేదు’ అని డిస్ప్యూట్ వేశాను, అది ఇంకా నడుస్తోంది.

వాళ్ల పేజీలో రివ్యూలు బ్రహ్మాండంగా ఉన్నాయి. శ్రద్ధగా చదివితే దాదాపు అన్నీ పెట్టె తెరిచిన రోజు రాసినవే. మెరిసే బ్లాకు ఫోటో, అయిదు చుక్కలు. ఇంజన్ నడిపి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత రాసిన మాట వెతకండి. దొరక్కపోతే ఆ చుక్కలకి విలువ లేదు.

కొనే ముందు అడగాల్సింది ముఖ్యంగా ఒకటే: ‘వచ్చాక విప్పి కొలుచుకోవచ్చా? కొలతలు మీ కాగితంతో కలవకపోతే వెనక్కి తీసుకుంటారా?’ దీనికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తన పని మీద నమ్మకం ఉన్న బిల్డర్ దీనికి వెనకాడడు. కొందరు తామే బోర్ గేజ్ రీడింగులు వీడియో తీసి, బ్లాకు నంబరు కనిపించేలా పంపుతారు. మెయిన్ క్యాప్‌ల మీద పెయింట్ గీసి ‘ముట్టుకోవద్దు’ అనేవాళ్లని వదిలేయండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే.

నన్నడిగితే బిగించిన షార్ట్ బ్లాక్ కంటే, పిస్టన్లు మీరే అధికారిక డీలర్ దగ్గర కొని, పెట్టెతో సహా మిషన్ షాపు చేతికివ్వడం మేలు. పిస్టన్లు చేతికి రాకుండా చివరి హోనింగ్ చేస్తానన్న షాపుకి బ్లాకు ఇవ్వకండి. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో కొలిచి, నంబరు వేసి, దానికి తగ్గట్టు బోర్ తీస్తేనే క్లియరెన్స్ అన్న మాటకి అర్థం. ఆపైన రింగ్ గ్యాప్ ఫైల్ చేయడం, బేరింగ్ క్లియరెన్స్ చూడటం ఇంట్లో చేసుకోగలిగిన పనులే. బేరింగ్ క్లియరెన్స్‌కి జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో వెయ్యో వంతు అన్నది పాత లెక్క. 4జీ63 మెయిన్ జర్నల్ 57 మి.మీ. కాబట్టి 0.057 దగ్గర, రాడ్ జర్నల్ 45 కాబట్టి 0.045 దగ్గర మొదలుపెట్టి, మీరు వాడే ఆయిల్‌ని బట్టి సర్దుకోవచ్చు.

ఇలాంటి ‘రెడీ’ బ్లాకు ఇప్పటికే కొని నడుపుతున్నవాళ్లకి ఒక్క మాట. బూస్ట్ పెంచకండి. ఆయిల్ దించి, ఫిల్టర్‌ని ఫిల్టర్ కట్టర్‌తో కోయండి. హ్యాక్సా వాడితే దాని రజనే లోపల పడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మడతలు విప్పి వెలుతురులో పరిచి చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, ఉక్కు. రింగులో, గోడో, క్రాంకో అరుగుతోందని. అంటుకోకుండా వెండి రంగులో మెరిసేది పిస్టన్ కావచ్చు, బేరింగ్ పై పొర కావచ్చు. రాగి రంగు కనిపిస్తే బేరింగ్ పై పొర అప్పుడే పోయింది. ఆ ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేయకండి. సంప్ విప్పండి, తీసిన ప్రతి షెల్‌నీ దాని నంబరుతో ఫోటో తీసి దాచండి. అమ్మినవాళ్లతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మీ చేతిలో ఉండే సాక్ష్యం అవే.