గౌట్: వంశం వల్లా, వంటింటి వల్లా?

రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోతుంది, దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. గౌట్ అనే కీళ్ల జబ్బు ఇలాగే మొదలవుతుంది. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు: "తలకాయ కూర తిన్నావుగా, అనుభవించు!"

తిండి వాటా లేకపోలేదు. బీరు, లివర్, బోటీ, రొయ్యలు, తీపి కూల్‌డ్రింకులు రక్తంలో యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. ఈ వ్యర్థం ఎక్కువైతే కీళ్లలో స్ఫటికాలుగా పేరుకుంటుంది, గౌట్ నొప్పికి మూలం అదే. కానీ ఒంట్లో ఉండే యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు శరీరం సొంతంగా తయారుచేసుకున్నదే. (పాపం, పప్పును అనవసరంగా ఆడిపోసుకుంటాం. పప్పుధాన్యాలకూ గౌట్‌కూ గట్టి సంబంధం కనిపించలేదు.)

వంశం వాటా పెద్దది. చాలామందిలో అసలు లోపం ఎక్కువ తయారవడం కాదు, బయటికి సరిగా పోకపోవడం. ఆ పని కిడ్నీలది, కొంత పేగులది. ఎస్ఎల్‌సీ2ఏ9, ఏబీసీజీ2 జన్యువుల్లో తేడాలుంటే ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. న్యూజిలాండ్ మావోరీల్లో గౌట్ అంత ఎక్కువగా ఉండటానికి జన్యువులూ ఒక కారణం. 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ యూరోపియన్ మూలాలున్న అమెరికన్లను పరిశీలించింది. మనుషుల మధ్య యూరిక్ యాసిడ్ తేడాల్లో ఆహారపు అలవాట్ల స్కోర్లు వివరించింది 0.3 శాతం లోపే. జన్యు తేడాలు దాదాపు 24 శాతం.

నన్నడిగితే మొగ్గు వంశం వైపే. నిన్నటి బీరు నొప్పిని రేపొచ్చు, అందుకు కావలసిన స్ఫటికాలు మాత్రం ఏళ్ల తరబడి కీళ్లలో పేరుకున్నవి. నాన్నకు గౌట్ ఉంటే మాంసం మానేసి ఊరుకోవడం చాలదు. మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరు అల్లోప్యూరినాల్ లాంటి మందుతో రక్తంలో యూరిక్ యాసిడ్ స్థాయిని డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల కిందికి తెస్తారు.