చందానగర్ నుంచి చార్మినార్‌కు ఎనిమిది మంది: ఎంఎంటీఎస్సా, మెట్రోనా, బస్సా?

సెలవులకు హైదరాబాద్ చందానగర్‌లోని మా ఇంటికి విజయవాడ నుంచి అన్నయ్య, వదిన, పిల్లలిద్దరూ వచ్చారు. సాలార్‌జంగ్ మ్యూజియం చూసి, అటునుంచటే చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కోవాలని వదిన కోరిక. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం కలిస్తే ఎనిమిది మంది. ఇద్దరమే అయితే ఆలోచించకుండా మెట్రో ఎక్కేదాన్ని. ఇంతమందిమి వెళ్ళేటప్పుడు తలకు పది రూపాయలు తేడా వచ్చినా రానూపోనూ నూట అరవై అవుతుంది.

మెట్రో ఛార్జీలు 2025 మేలో సవరించాక 11 నుంచి 69 రూపాయల దాకా ఉన్నాయి. మాకు దగ్గరి స్టేషన్ మియాపూర్ నుంచి, మ్యూజియానికి దగ్గర్లోని ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)కు అరవై అటూ ఇటూ. పిల్లలు మూడడుగుల ఎత్తు దాటితే పూర్తి టికెట్టే. రానూపోనూ వెయ్యికి దగ్గర పడుతుంది, పైగా మియాపూర్ దాకా ఆటోలు వేరే.

ఎంఎంటీఎస్‌లో, అంటే లోకల్ రైల్లో, సెకండ్ క్లాస్ అయితే తలకు పదో పదిహేనో. ఫలక్‌నుమా వైపు వెళ్ళే బండి చందానగర్‌లోనే ఎక్కి దబీర్‌పురాలో దిగొచ్చు. చిక్కల్లా బండ్లు తక్కువ కావడమే, ఆదివారం మరీను. ఒకటి తప్పిపోతే పిల్లలతో ప్లాట్‌ఫామ్ మీద ఎదురుచూపులే. అందుకే ముందురోజే టైము చూసుకున్నాం. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అదీ చూసుకోండి.

దిగాక జాగ్రత్తపడాల్సింది ఆటోల దగ్గర. ఎనిమిది మందికి మూడు ఆటోలు మాట్లాడితే రైల్లో మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది. మేం అత్తయ్యను, మామయ్యను, చిన్నదాన్ని ఒక ఆటోలో పంపి, మిగతావాళ్ళం నడిచాం.

బస్సు మాటకొస్తే, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. కానీ అది తెలంగాణ వాళ్ళకే. ఆంధ్రా ఆధార్ ఉన్న వదినకు టికెట్ కొనాల్సిందే. కూకట్‌పల్లి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో అత్తయ్య మోకాళ్ళతో అంతసేపు నిలబడలేరు కూడా.

చివరికి పొద్దున ఎంఎంటీఎస్‌లో వెళ్ళి, సాయంత్రం ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కాం. వెళ్ళేటప్పుడు వంద అటూ ఇటూ, వచ్చేటప్పుడు ఐదు వందల లోపు. అలసిపోయినప్పుడు నిమిషాల్లో వచ్చే బండి, లిఫ్టు ఉన్న స్టేషన్ ఎంత సుఖమో అత్తయ్య ముఖం చూస్తే తెలిసింది. ఆ ఖర్చుకు నాకు బాధ లేదు.

ఇక్కడి ఆడవాళ్ళే నలుగురైదుగురు కలిసి, ఓపిగ్గా వెళ్తామంటే మాత్రం బస్సే ఎక్కండి, ఆధార్ మర్చిపోకుండా.