పాళి నిఘంటువు, మరో మూడు పుస్తకాలు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో సంస్కృత గ్రంథాలకు కొదవ లేదు. తొలి బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళి పుస్తకాలు మాత్రం నేను ఒక్కొక్కటీ తపాలాలో తెప్పించుకున్నవే. తొమ్మిదేళ్లుగా తెల్లవారుజామున గంటసేపు వాటితోనే కూర్చుంటున్నాను.

కొత్తవారు చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. ముందుగా పెద్ద నిఘంటువు కొన్నాను. రీస్ డేవిడ్స్, స్టీడ్ కూర్చిన ఈ పాళి-ఇంగ్లిషు నిఘంటువు 1921-25 మధ్య భాగాలుగా వెలువడింది. 1922లో రీస్ డేవిడ్స్ కన్నుమూశాక స్టీడ్ పూర్తిచేశారు. నామవాచకాల సంగతి ఎలా ఉన్నా, క్రియలు తెలియకపోతే ఇందులో అడుగు ముందుకు పడదు. సుత్తంలో, అంటే బుద్ధుడి ఉపదేశ పాఠంలో, 'అగమాసి' (వెళ్లాడు) కనబడితే అది 'గచ్ఛతి' (వెళ్తాడు) కింద ఉంటుందని మనకే తట్టాలి.

లిపి రోమన్ అయినా వరుస మన వర్ణమాలదే. అయినా సున్నా దగ్గర ఏడాదిపాటు తడబడ్డాను. సంసారం, సంఖారం రెండూ మనం సున్నాతోనే రాస్తాం. నిఘంటువులో 'సంసార' సకారం మొదట్లోనే, 'సక్క' కంటే ముందే వస్తుంది. 'సఙ్ఖార' మాత్రం క, ఖ, గ, ఘలు దాటాక ఙకారం దగ్గర ఉంటుంది. సున్నా తర్వాత వర్గాక్షరం ఉంటే చాలావరకు అనునాసికం దగ్గరే వెతకాలి. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఎన్నో ఉదయాలు మిగిలేవి. ఆ 'సఙ్ఖార' కింద ఇచ్చిన వివరణ మాత్రం తప్పక చదవండి. బౌద్ధ తత్త్వంలోని అతి కష్టమైన మాటల్లో ఇదొకటని ఒప్పుకుంటూనే మొదలవుతుంది. అర్థం తేల్చలేనిచోట తేల్చలేమని చెప్పే నిఘంటువు మీద నాకు గౌరవం పెరిగింది.

నేను కొన్న పునర్ముద్రణ కుట్టు నాసిరకం. మూడో ఏటికే పకారం పుటలు ఊడి చేతికొచ్చాయి. ఊళ్లో లెక్కల పుస్తకాలు కుట్టే ఆయన చేత కాలికో అట్ట వేయించాక ఇప్పటివరకు గట్టిగా ఉంది.

మొదటి పుస్తకంగా లిలీ డి సిల్వా పాళి ప్రైమర్ తీసుకోండి. చిన్న పాఠాలు, ప్రతి పాఠం చివర అభ్యాసాలు. 'కస్సకో కసతి' అంటే రైతు దున్నుతున్నాడు. 'మాతుల'కు ఇంగ్లిషులో అంకుల్ అని సరిపెట్టుకోవాలి, మనకు మేనమామ అని ఇట్టే తెలిసిపోతుంది. 'అగ్గి', 'సిరి' చూసినప్పుడైతే నాకు చుట్టాలను చూసినట్టయింది. అందుకే అభ్యాసాలన్నీ తెలుగులోనే చేశాను. మన లిపిలో హ్రస్వ ఎ, ఒ ఉండటం మరో వరం. సంయుక్తాక్షరం ముందు పాళి 'ఎ' కురచగా పలుకుతుంది కనుక 'ఎత్థ' అని పలికినట్టే రాసుకోవచ్చు.

వార్డర్ రాసిన పాళి ప్రవేశిక, 1963 నాటిది, ప్రైమర్ పూర్తయ్యాక చదవాలి. ఎక్కువగా దీఘనికాయం (బుద్ధుడి దీర్ఘ ఉపదేశాల సంకలనం) వాక్యాలతోనే నేర్పుతుంది. బరువుగా నడుస్తుంది, కానీ వాక్యనిర్మాణం నాకు పట్టుబడింది దాని వల్లే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మలలసేకర కూర్చిన పాళి నామ నిఘంటువు, అంటే పాళి గ్రంథాల్లో వచ్చే మనుషుల, ఊళ్ల పేర్ల నిఘంటువు. 1937-38లో వచ్చిన రెండు సంపుటాలు. పేరు కోసం తెరిచి గంట తర్వాత ఇంకెక్కడో తేలుతాం. అలాగే ఒకరోజు బావరి దొరికాడు. సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలోని పారాయనవగ్గం భాగంలో, అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న బ్రాహ్మణుడు. వెంటనే మూలం తీశాను: 'వసి గోధావరీకూలే ఉఞ్ఛేన చ ఫలేన చ', అంటే గోదావరి ఒడ్డున ఉఞ్ఛతో, పండ్లతో బతికాడు. 'ఉఞ్ఛ'కు పెద్ద నిఘంటువు ఏరుకొచ్చిన తిండి అన్న అర్థం ఇస్తుంది. త్యాగరాజస్వామి కథ విన్న తెలుగువాడికి ఆ మాట వివరించనక్కరలేదు. నోటుపుస్తకంలో దాని ఎదుట 'ఉంఛవృత్తి' అని రాసుకున్నాను.