దామరవాయి రాకాసి గుళ్ళు: దారి, బస, చూసే పద్ధతి

ఇనుపయుగపు రాతి సమాధులు చూద్దామని దామరవాయి దాకా వెళ్ళి "బండల మీద బండలు, ఇంతేనా" అంటూ అరగంటలో వెనక్కి తిరిగేవాళ్ళు చాలామంది. తప్పు బండలది కాదు. ఏం చూడాలో తెలియకుండా వెళ్తే రామప్ప శిల్పాల తర్వాత ఇవి చప్పగానే ఉంటాయి. ఎన్ని సమాధులు చూశామన్న లెక్క వదిలేసి మూడంటే మూడింటిని నిదానంగా చూడండి. నిటారుగా నిలబడి ఉన్నది ఒకటి, కప్పు జారిపోయినది ఒకటి, ఎవరో తవ్వి పాడుచేసినది ఒకటి. ఆ మూడూ చూస్తే ఇవి ఎలా కట్టారో, ఎలా కూలుతున్నాయో రెండూ అర్థమవుతాయి.

ఊరు ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉంది. చుట్టూ టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్ల అడవి. ఆ అడవిలోని గుట్టల మీద ఇనుపయుగపు మనుషులు ఇసుకరాతి పలకలతో కట్టుకున్న సమాధులివి. ఊళ్ళో రాకాసి గుళ్ళు అంటారు. పురావస్తు శాఖవాళ్ళు డోల్మెన్లు అంటారు, ఆ కాలానికి బృహత్ శిలాయుగం అని పేరు. దక్షిణాదిలో ఈ పద్ధతి క్రీ.పూ. 1000కి అటూఇటూగా మొదలై వందల ఏళ్ళు నడిచింది. దామరవాయిని "గుహలు" అని రాసేవాళ్ళూ ఉన్నారు, అది పొరపాటు. ఇక్కడ కొండను తొలిచి చేసినది ఏదీ లేదు, అన్నీ పలకలు నిలబెట్టి కట్టినవే.

హైదరాబాద్ నుంచి హనుమకొండ సుమారు 145 కి.మీ., అక్కడి నుంచి ములుగు, పస్రా మీదుగా తాడ్వాయి మరో 90 కి.మీ. అటూఇటూ. తాడ్వాయి దాకా 163వ నంబరు జాతీయ రహదారి, ఇబ్బంది ఏమీ ఉండదు. తర్వాత కాటాపూర్ వైపు లోపలికి తిరగాలి. పస్రా దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ మేడారం వెళ్ళే దారి విడిపోతుంది. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని వెళ్ళేవాళ్ళు ఆ దారి పట్టి మేడారం చుట్టూ తిరిగి రావడం మామూలే. తాడ్వాయి అన్న బోర్డు చూసుకుని నేరుగా పోవాలి. సిగ్నల్ అడవిలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మ్యాప్ ములుగులోనే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోలు కూడా అక్కడే నింపుకోండి.

బస్సులో వెళ్ళేవాళ్ళు హనుమకొండ బస్టాండులో ఏటూరునాగారం బస్సు ఎక్కి తాడ్వాయిలో దిగితే సరి. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. రాను, పోను, మధ్యలో కనీసం మూడు గంటలు ఆగడం, అన్నీ కలిపి ధర ముందే తేల్చుకోండి. "అక్కడ దింపుతా" అన్న మాట మీద ఎక్కితే వెనక్కి రావడానికి బండి దొరక్క ఇబ్బంది పడతారు.

గుట్ట మీదకు ఊళ్ళోవాళ్ళను ఒకరిని వెంట తీసుకెళ్ళడం మంచిది. ఇదేదో మర్యాద కోసం చెప్పే మాట కాదు. సమాధులు ఒకే చోట లేవు, చెట్ల మధ్య విడివిడిగా ఉన్నాయి. పది అడుగుల దూరంలో ఉన్నది కూడా పొదల్లో కనపడదు. కాలిబాటల్లో కొన్ని పశువులవి, కొన్ని తునికాకు కోసేవాళ్ళవి. ఏది ఎటు పోతుందో కొత్తవాళ్ళకు తెలియదు. ఆ మనిషికి ఒక పూట కూలి డబ్బులు తక్కువ కాకుండా ఇవ్వండి. ఇది ఏటూరునాగారం అభయారణ్యం ఉన్న అడవి ప్రాంతం కాబట్టి తాడ్వాయిలో అటవీశాఖవాళ్ళకు చెప్పి వెళ్ళండి, చీకటి పడకముందే రోడ్డు మీదకు వచ్చేయండి.

ఇక చూడటం. ముందు నిలబడి ఉన్న సమాధి దగ్గరకు వెళ్ళండి. చుట్టూ నిలువు పలకలు, పైన ఒకే కప్పు బండ, ఒక పక్క లోపలికి దారి. మూలల దగ్గర కూర్చుని చూడండి. దక్షిణాది రాతి సమాధుల్లో తరచూ కనిపించే పద్ధతి ఏమిటంటే, ప్రతి పలక చివర పక్క పలకను దాటి కాస్త బయటికి పొడుచుకు వస్తుంది. పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారం. పైన బరువు పడేకొద్దీ పలకలు లోపలికి ఒరగాలని చూస్తాయి. ఒకటి ఒరగబోతే దాని పక్కది అడ్డుకుంటుంది. సున్నం లేదు, మట్టి లేదు, బరువే బిగువు. తర్వాత కప్పుకూ పలకకూ మధ్య సందులోకి టార్చి వేయండి. కప్పు బండ పలక పొడుగునా ఆనదు, రెండు మూడు చోట్ల మాత్రమే ఆనుతుంది. ఆ ఆనిన చోట ఒక్కటి చెదిరినా మొత్తం కదులుతుంది.

బండ బరువు అక్కడికక్కడే లెక్క వేయవచ్చు, ఒక టేపు చాలు. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు, మందం 30 సెం.మీ. ఉన్న పలక అనుకోండి. 2.25 ఘనపు మీటర్లు. ఇసుకరాయి ఘనపు మీటరుకు 2.3 టన్నుల పైమాటే, అంటే ఆ ఒక్క బండ ఐదు టన్నులు దాటుతుంది. అంత బండను క్రేను లేకుండా పైకెక్కించడానికి ఒక వైపు మట్టి వాలు పోసి, దుంగల మీద దొర్లించి, తర్వాత ఆ మట్టి తీసేయడం ఒక దారి. రాకాసులు కట్టారన్న కథ ఎందుకు పుట్టిందో టేపు పట్టుకున్నాక అర్థమవుతుంది.

లోపల చూడాల్సినది తొట్టి. కొన్ని సమాధుల్లో ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది, అచ్చం పశువులకు కుడితి పోసే రాతి తొట్టిలాగే. అది శవపేటిక. ఈ కాలపు సమాధుల్లో చాలాచోట్ల మొత్తం శరీరాన్ని కాక, తర్వాత ఏరిన ఎముకలను పెట్టేవాళ్ళు. వాటితోపాటు లోపల నలుపు, బయట ఎరుపు రంగుండే కుండలు, ఇనుప పనిముట్లు ఉంచేవాళ్ళు. తొట్టి చిన్నదిగా కనిపిస్తే పిల్లలదని వెంటనే అనుకోకండి. అంచు మీద వేలు పెట్టి చూడవచ్చు కానీ లోపలికి దిగి పడుకుని ఫొటోలు దిగడం మానండి. పగిలిన తొట్టి బరువుకు ఇంకా విచ్చుకుంటుంది. పైగా అది ఒకరి సమాధి.

ఇప్పుడు కప్పు జారిన సమాధి దగ్గరకు. ఎందుకు జారిందో పట్టుకోవడమే పని. పలకల మధ్యలోంచి జువ్వి, రావి వేర్లు దిగి ఉంటే చెట్టే కారణం. వేరు లావయ్యేకొద్దీ పలకను బయటికి తోస్తుంది. అలాగని ఆ చెట్టు కొట్టేస్తే బాగుపడుతుందనుకోవద్దు. చాలాచోట్ల ఇప్పుడు పలకను పట్టి ఉంచుతున్నది ఆ చెట్టు వేరు, అది కుళ్ళిందంటే కప్పు కూడా పడిపోతుంది. రెండో కారణం నిప్పు. మార్చి, ఏప్రిల్‌లో అడవి తగలబడినప్పుడు ఇసుకరాయి పైపొర వేడికి పెళ్ళలుగా లేస్తుంది. పలక అడుగున అప్పడంలా లేచిన పొరలు కనిపిస్తే అది నిప్పు చేసిన పని కావచ్చు.

మూడోది, మనిషి కూల్చినది. సమాధి లోపల నేల గుంటపడి, తవ్విన మట్టి గుమ్మం బయట కుప్పగా ఉంటే గుప్తనిధుల కోసం వచ్చినవాళ్ళ పని అది. వాళ్ళు పలక పాదం దగ్గర తవ్వుతారు. పాదం కింద మట్టి పోగానే పలక ఒరుగుతుంది, కప్పు ఒక మూలకు జారుతుంది. ఇన్ని వేల ఏళ్ళు నిలిచినది ఒక్క రాత్రిలో పోతుంది. దొరికేది ఎక్కువగా కుండపెంకులూ, తుప్పుపట్టిన ఇనుమూ. ఇలాంటి సమాధుల్లో బంగారం దొరకడం చాలా అరుదు.

కాటాపూర్ పేరు 1868 నుంచే రికార్డుల్లో ఉంది. మల్హెరన్ అనే ఆయన గోదావరి పక్క సమాధుల గురించి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి రాసి పంపాడు. ఈ చుట్టుపక్కల శిలువ ఆకారంలో నిలబెట్టిన రాళ్ళు చూసి 1872లో ఫెర్గూసన్ అనే పండితుడు ఇవి క్రైస్తవులవి అయి ఉంటాయన్నాడు. అది నిలవలేదు. తల, రెండు భుజాలు వచ్చేలా చెక్కిన మనిషి ఆకారపు రాళ్ళవి. ఇప్పటికీ వాటిని శిలువలే అని వాదించేవాళ్ళు తగులుతారు.

ఎప్పుడు వెళ్ళాలి? డిసెంబరు మొదటి సగం అన్నిటికంటే మేలు. వానాకాలంలో పొదలు సమాధులను మింగేస్తాయి, రాళ్ళు జారతాయి. వేసవిలో టేకు ఆకు రాలి అంతా బయటపడుతుంది కానీ ఎండ భరించలేం. పైగా ఇప్పపూలు రాలే రోజుల్లో వాటి కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు తిరుగుతాయి. జనవరి, ఫిబ్రవరిలో చల్లగానే ఉంటుంది కానీ దురదగొండి కాయలు ఎండి నూగు రాలుతుంది. పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు తప్పనిసరి. నూగు అంటుకుంటే గోకకూడదు, గోకితే ఇంకా పాకుతుంది. జిగురు టేపు అంటించి పీకేసి, తర్వాత నీళ్ళతో కడుక్కోవాలి. మేడారం జాతర రోజుల్లో ఇటు రావద్దు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో వస్తుంది, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. మధ్య ఏడాదిలో వచ్చే చిన్న జాతరకూ రద్దీ తక్కువేం కాదు. అమ్మవార్ల దర్శనం, సమాధులు ఒకే రోజు పెట్టుకుంటే రెండూ సరిగ్గా జరగవు.

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, టార్చి, మడమల దాకా ఉండే బూట్లు, చిన్న కొలత టేపు, ఓఆర్‌ఎస్ పొట్లాలు చాలు. ఉదయం ఏడింటికి గుట్ట మీద ఉండేలా బయల్దేరండి. వాలు వెలుగులోనే రాతి మీద గాట్లు కనిపిస్తాయి, పది దాటితే అంతా చదునుగా మారిపోతుంది. ఏ సమాధిలోనైనా తల పెట్టే ముందు టార్చి లోపలికి వేసి పది లెక్కపెట్టండి. పాము కావచ్చు, తేలు కావచ్చు. కప్పు అడుగున తేనెపట్టు ఉందేమో ముందు చూడండి, ఉంటే ఆ సమాధిని వదిలేయండి. గాట్లు బాగా కనపడాలని సుద్ద, పసుపు రాయడం వద్దు, ఇసుకరాయి పీల్చుకుంటుంది.

ఒరిగిన కప్పు కింద కూర్చుని టిఫిన్ తినే అలవాటు కూడా చూస్తుంటాం. 2024 డిసెంబరు 4న ఉదయం 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం పుట్టింది ఈ ములుగు అడవుల్లోనే. అదే ఏడాది ఆగస్టు 31న గాలివాన తాడ్వాయి, మేడారం మధ్య వేలాది చెట్లను పడగొట్టింది. నిన్నటిదాకా నిలిచిన బండ ఇవాళా నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

బస విషయానికి వస్తే, సమాధుల కోసమే వచ్చేవాళ్ళకు తాడ్వాయిని మించినది లేదు. అటవీశాఖ హట్స్ ఉన్నాయి, ముందే మాట్లాడుకుని ఖరారు చేసుకోవాలి. పొద్దున్నే గుట్ట ఎక్కాలంటే దగ్గరగా ఉండటమే ముఖ్యం. సౌకర్యం హనుమకొండ హోటళ్ళంత ఉంటుందని ఆశపడకండి, రాత్రి భోజనం ఎన్ని గంటలకు, ఎంతమందికి అన్నది మధ్యాహ్నమే చెప్పండి. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే లక్నవరం నయం. చెరువు, వేలాడే వంతెన, పర్యాటక సంస్థ హరిత కాటేజీలు ఉన్నాయి. శని, ఆదివారాల్లో జనం, పాటల హోరు, నిద్ర తక్కువ. మామూలు రోజుల్లో అదే చోటు పూర్తిగా వేరు. రామప్ప చెరువు గట్టున ఉండటం గుడి కోసం వచ్చేవాళ్ళకు సరిపోతుంది, దామరవాయికి మాత్రం దూరం పెరుగుతుంది. హనుమకొండలో గది తీసుకుని తెల్లవారి బయల్దేరితే గుట్ట చేరేసరికి మంచి వెలుగు అయిపోతుంది, అందుకే ఆ పద్ధతి మేం ఎవరికీ చెప్పం. భోజనం పస్రా దాటకముందే చూసుకోండి, కాటాపూర్ దాటాక మరుగుదొడ్డి, హోటల్ దొరుకుతాయని నమ్మి బయల్దేరకండి.

రెండో రోజు ఉంటే ఏటూరునాగారం, మంగపేట మీదుగా మణుగూరు వైపు పొండి. దారిలో మల్లూరు. హేమాచల నరసింహస్వామి గుడి, చింతామణి జలధార ఉన్న ఊరు. ఆ చుట్టూ అడవిలోనూ ఇలాంటి సమాధులున్నాయి. ఇంకా ముందుకు పినపాక మండలంలో జానంపేట. దామరవాయిలో సమాధి నేల మీద నిలబడి ఉంటే జానంపేటలో పెట్టె నేలలోకి దిగి ఉంటుంది, చుట్టూ రాళ్ళ వలయం, పైన కప్పు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, గుట్ట ఎక్కనక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా చూడవచ్చు. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే, నడవగలిగితే దామరవాయి. జానంపేట మాత్రమే చూసి వచ్చినవాళ్ళకు కప్పు కింద ఖాళీ ఎలా ఉంటుందో తెలియదు.

అసలు అడవికే వెళ్ళలేనివాళ్ళు నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళవచ్చు. సాగర్ నీటిలో మునిగే చోటు నుంచి రాయి రాయి తీసుకొచ్చి దీవి మీద మళ్ళీ పేర్చిన బృహత్ శిలాయుగపు సమాధి ఒకటి అక్కడ ఉంది. లాంచీ సమయాలు నీటి మట్టాన్ని బట్టి, రద్దీని బట్టి మారుతుంటాయి, బయల్దేరే ముందే కనుక్కోండి.