యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు బయట కొంటున్న వారికి హెచ్చరిక

ఇంట్లో ఎవరికైనా బ్లాక్ ఫంగస్ (మ్యూకర్‌మైకోసిస్) సోకి, లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి (ఫంగస్‌ను చంపే మందును సన్నని కొవ్వు పొరల్లో పొదిగిన ఇంజెక్షన్) కోసం మందుల షాపుల చుట్టూ తిరుగుతున్నవారు, వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చే ఏజెంట్ల నంబర్లకు డబ్బు పంపే ముందు ఇది చదవాలని కోరుతున్నాను.

షుగరు అదుపు తప్పిన మా బావగారికి సైనస్‌లో ఈ ఫంగస్ ఉన్నట్టు బయాప్సీలో తేలింది. పాడైన భాగాన్ని ఆపరేషన్ చేసి తొలగించిన తర్వాత, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజూ ఈ ఇంజెక్షన్ ఇవ్వాలన్నారు. 60 కిలోల మనిషికి అది 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు ఆరు. అదీ వారాల తరబడి. ఆస్పత్రి ఫార్మసీలో నిల్వ తక్కువగా ఉండటంతో, తెలిసినవారు పంపిన నంబరు ద్వారా ఒక ఏజెంటు దొరికాడు. లైపోసోమలేనని ఒకటికి రెండుసార్లు చెప్పి, మొత్తం సొమ్ము ముందే యూపీఐలో వేయించుకున్నాడు.

వచ్చిన సరుకు చూడండి. కిరాణా కవరులో న్యూస్‌పేపరు చుట్టిన డబ్బాలు, కరిగిపోయిన ఐసు, నానిపోయిన లేబుళ్లు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంది. కొన్ని సీసాల మీది బ్యాచ్ నంబరుకూ డబ్బా మీది నంబరుకూ పొంతన లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, లేబుల్ మీద 'లైపోసోమల్' అన్న మాటే లేదు. వార్డులోని నర్సు అది గమనించి, ఒక్క సీసా కూడా తెరవకుండా పక్కన పెట్టించారు. ఏజెంటును అడిగితే, ‘రెండూ ఒకటే మందు సార్, పౌడరు పసుపుగానే ఉందిగా’ అన్నాడు. బిల్లు అడిగేసరికి నంబరు బ్లాక్ చేశాడు.

రెండూ ఒకటి కావు. పాతరకం (లైపోసోమల్ కాని) యాంఫోటెరిసిన్ మోతాదు కిలోకు సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు మాత్రమే. పేరు కలిసింది కదా అని లైపోసోమల్ మోతాదులో దాన్ని ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. సరైన మోతాదులో ఇచ్చినా కిడ్నీల మీద దాని దెబ్బ ఎక్కువ. పొటాషియం పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతిన్నాయని రక్తపరీక్షలో చూపే క్రియాటినిన్ పెరుగుతుంది. షుగరు వల్ల అప్పటికే కిడ్నీలు నీరసించిన మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

ఈ దందా కొత్తదేమీ కాదు. 2021 మే, జూన్ నెలల్లో కోవిడ్ తర్వాత ఈ జబ్బు ఒక్కసారిగా పెరిగినప్పుడు, ఢిల్లీ పోలీసులు మూడు వేలకు పైగా నకిలీ ఇంజెక్షన్లు పట్టుకున్నారు. అరెస్టయినవారిలో డాక్టర్లు కూడా ఉన్నారు. అదే జూన్‌లో ఈ మందుపై జీఎస్టీని తాత్కాలికంగా, ఆ ఏడాది వరకే ఎత్తివేశారు. ఇప్పుడు కేసులు అరుదు కనుక మామూలు షాపులు నిల్వ పెట్టవు. ఫ్లూకొనజోల్, వోరికొనజోల్ వంటి తేలిగ్గా దొరికే మందులు ఈ ఫంగస్ మీద పనిచేయవు. రోగి బంధువులకు వేరే దారి లేదన్న సంగతి ఏజెంటుకు మనకన్నా బాగా తెలుసు.

కాబట్టి ఇండెంటు (మందు కావాలన్న ఆర్డరు) ఆస్పత్రి ఫార్మసీ ద్వారానే కంపెనీ స్టాకిస్టుకు పెట్టించండి. ఆలస్యమైతే, ఈ జబ్బుకు వైద్యం చేస్తున్న వేరే పెద్ద ఆస్పత్రిలో నిల్వ ఉందేమో డాక్టరు చేతనే అడిగించండి. బయట కొనక తప్పకపోతే, బ్యాచ్ నంబరుతో కూడిన జీఎస్టీ బిల్లు, చల్లదనం నిలిచిన పెట్టె, సీసా మీద 'లైపోసోమల్' అన్న మాట, ఈ మూడూ చూడనిదే డబ్బు ఇవ్వకండి. మోసం జరిగితే సీసాలు పారేయకుండా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు అప్పగించండి. మేము అదే చేశాము, యూపీఐ రసీదుతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు కూడా ఫిర్యాదు చేశాము. డబ్బు ఇంకా రాలేదు.

ఇంజెక్షన్లు అయ్యాక వాడే పోసకొనజోల్ విషయంలోనూ ఇదే బేరం నడుస్తోంది. మాత్రలు లేవు, సిరప్ తీసుకోండి అంటారు. ఆ రెండింటి మోతాదులు వేరు. డాక్టరు చీటీ మార్చి రాయకుండా ఒకదాని బదులు మరొకటి తీసుకోవద్దు.